బెల్టు మీద తెల్ల పాదాలు

మా నాన్న బాక్సింగ్ రింగులోకి దిగిన రోజు ఆయనకంటే ముందు ఆయన పొట్ట దిగింది. పై తాడుకూ కింది తాడుకూ మధ్య దూరబోయి సగంలో ఆగిపోతే, ఇద్దరు కార్మికులు పరుగున వచ్చి పై తాడు ఎత్తి పట్టుకున్నారు. గని క్యాంటీన్‌లో ఇరవై ఏళ్లకు పైగా పూరీలు వేయించిన మనిషి. వయసు యాభైకి దగ్గర పడింది. మోకాళ్ల దాకా లాగు, ఒంటి మీద మా అమ్మ నల్ల రంగులో ముంచి ఆరేసిన బనీను. ఎదుటి మూల పక్క గనిలో పనిచేసే వెంకటి. పాతికేళ్లు నిండలేదు, ఆ ఏడు మా ఏరియా కుర్రాళ్ల పోటీలో ఛాంపియన్. అతని గ్లవ్స్ రెండూ తెల్లగా ఉన్నాయి. బొగ్గు దుమ్ముకు నిప్పు అంటుకోకుండా గనిలో గోడలకు చల్లే రాతిపొడిలో వాటిని ముంచారు. మూడు నిమిషాల్లో నాన్న నల్ల బనీను మీదగానీ మొహం మీదగానీ మూడు తెల్ల మచ్చలు పడితే, ఆయనకు బాక్సింగ్ నేర్పిన జోగయ్య మళ్లీ తట్ట పట్టుకుని గని దిగాలి. పడకపోతే మా గనికి బాక్సింగ్ నేర్పే ఉద్యోగం అతనిది. టైమాఫీసు ముందు వేలాడే రైలు పట్టా ముక్క మీద ఎవరో ఇనుప కడ్డీతో కొట్టారు. నాన్న చేతులు పైకెత్తి, మూకుడు ముందు నిలబడినట్టే నిలబడ్డాడు.

పూరీలు వేయించే మనిషి ఆ తాళ్ల మధ్యకు ఎందుకు వచ్చాడో చెప్పాలంటే, అప్పటికి ఏళ్ల తరబడి మా ఇంటి ముందు సాగుతున్న ఒక వాదన గురించి చెప్పాలి. ఈమధ్య చర్ల అవతల, నేను జోగన్న అని పిలిచే ఆ జోగయ్య ఊరికి వెళ్లి వచ్చినప్పటి నుంచి ఆ వాదనలో రెండు గొంతులూ నాకు మళ్లీ వినిపిస్తున్నాయి. ఆ గొంతుల మనుషులు ఇద్దరూ ఇప్పుడు లేరు.

మాది ఇల్లందు దగ్గర బొగ్గుగని కాలనీ. నాన్న పేరు సాంబయ్య. మొదటి షిఫ్టు దిగేవాళ్లకు కడుపు నింపాలి కాబట్టి ఇంకా చీకటి ఉండగానే లేచి వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. ఆయన వీధి మలుపు తిరగకముందే వేరుశనగ నూనె వాసన ఇంట్లోకి వచ్చేది. అమ్మ ఆ బట్టలను వేరే బకెట్‌లో నానబెట్టేది, మా బట్టలతో కలపనిచ్చేది కాదు. ఎంత ఉతికినా ఆ వాసన పోలేదు. నేను కాలేజీకి వేసుకెళ్లిన చొక్కాల్లో కూడా ఉండేది. నాన్న భోజనం చేసి ఒక కునుకు తీసి, లేచి వాకిట్లో నులక మంచం వాల్చుకునేవాడు. ఆ మంచానికి ఎదురుగా ఒక ఇనుప కుర్చీ. అది రహమత్ మామది. ఇంకెవరూ అందులో కూర్చునేవారు కాదు, ఆయన రాని రోజు ఖాళీగానే ఉండేది.

రహమత్ మామ ల్యాంప్ రూమ్‌లో పనిచేసేవాడు. గని దిగే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే దీపం ఇచ్చి, పైకొచ్చాక తీసుకుని, తుడిచి, దాని నంబరు కొక్కేనికి తగిలించడం ఆయన పని. షిఫ్టు అయిపోయినా ఒక్క కొక్కెం ఖాళీగా ఉంటే ఇంటికి వెళ్లేవాడు కాదు. ఖాళీ కొక్కెం అంటే ఒక మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. బదులు మనిషి వచ్చి కూర్చున్నా, ఆ చివరి దీపం తన చేతికి వచ్చేదాకా నిలబడేవాడు. అందుకే మా ఇంటికి రావడానికి ఆయనకు ఒక వేళంటూ ఉండేది కాదు. వయసులో ఉన్నప్పుడు మిలటరీలో పనిచేసి, అక్కడ బాక్సింగ్ నేర్చుకుని వచ్చాడు. ల్యాంప్ రూమ్ వెనుక ఒక పాత షెడ్డు ఉంటే దాన్ని అడిగి తీసుకుని, బొగ్గు మోసి మోసి అరిగిన కన్వేయర్ బెల్టు ముక్కలు నేలంతా పరిపించి, సాయంత్రాలు ఆసక్తి ఉన్నవాళ్లకు నేర్పేవాడు. మా కాలనీలో ఆ బెల్టు లేని ఇల్లు లేదు. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికి, బావి గట్టు మీద జారకుండా, కోళ్ల గూటికి పైకప్పుగా, అన్నింటికీ అదే.

జోగయ్య గోదావరి అవతల, చర్ల కన్నా లోపలి ఊరివాడు. కోయ కుటుంబం. పోడు చేసుకుని బతికే ఇంటి నుంచి మా గనికి బదిలీ ఫిల్లర్‌గా వచ్చాడు. అంటే తట్టతో బొగ్గు ఎత్తి నింపే పని, అదీ పర్మినెంటు మనిషి రాని రోజున మాత్రమే. రోజూ వచ్చి నిలబడాలి, పేరు పిలిస్తే దిగాలి, పిలవకపోతే వెనక్కి పోవాలి. ఒకరోజు షిఫ్టు దిగి దీపం అప్పజెప్పడానికి వచ్చాడు. కుడిచేత్తో తలగుడ్డ విప్పుకుంటున్నాడు. అప్పుడే ముందువాడు పెట్టిన దీపం బల్ల అంచు మీంచి జారింది. జోగయ్య అటు చూడనైనా చూడకుండా ఎడమచేత్తో దాన్ని మోకాలి ఎత్తున పట్టుకుని బల్ల మీద పెట్టి, తలగుడ్డ విప్పుకోవడం పూర్తిచేశాడు. మర్నాటి నుంచి అతను రహమత్ మామ షెడ్డులో ఉన్నాడు.

మా వాకిట్లో వాదన ఆ దీపంతోనే మొదలైంది.

"దీపం పట్టుడు ఎవలు నేర్పిన్రు వానికి?" అనేవాడు నాన్న. "పుట్టుడే గట్ల పుట్టిండు. వాని కాళ్లు సూడు, నరాలు సూడు. నువ్వు నేర్పేదేంది రహమత్ భాయ్, వాడు వట్టిగ నిలబడ్డా గెలుస్తడు."

"దీపం పట్టుడు వేరు, మనిషిని కొట్టుడు వేరు సాంబయ్యా. దీపం నిన్ను తిరిగి కొట్టదు."

"నువ్వు నాకు పదేండ్లు నేర్పు. నేను జోగయ్యనైతనా?"

"నువ్వు ముందు ఆ మంచం మీదికెళ్లి లేవడం నేర్చుకో."

అమ్మ టీ గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, "ఆ పిలగాడు అక్కడ చెమటలు కక్కుతుంటే మీరిద్దరు గీడ కూసోని కొట్లాడుండ్రి" అని లోపలికి పోయేది. జోగయ్య ఒక్కోసారి షెడ్డు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని, తన గురించి జరిగే ఆ వాదనను ఇంకెవరి సంగతో అన్నట్టు వింటూ టీ తాగేవాడు. నవ్వేవాడు తప్ప ఎటూ మాట్లాడేవాడు కాదు.

షెడ్డులో రహమత్ మామ అతన్ని బెల్టు మీద నిలబెట్టి, పాదాల చుట్టూ సుద్దతో గీసి, ఆ గీతల్లో తెల్ల పెయింటు నింపాడు. ముందుకు వేసే అడుగు, పక్కకు జరిగే అడుగు, వెనక్కి తీసుకునే అడుగు, అన్నింటికీ పాదాల గుర్తులే. కొత్తగా చూసినవాళ్లకు ఎవరో తడి కాళ్లతో తిరిగి వెళ్లినట్టు ఉండేది. జోగయ్య ఆ పాదాల మీద ఆరేళ్లు నడిచాడు. పని దొరికిన రోజూ నడిచాడు, దొరకని రోజూ నడిచాడు. పెయింటు పోతే మామ మళ్లీ వేసేవాడు. బెల్టు చిరిగితే ఇంకో ముక్క తెచ్చి, పాత గుర్తులు కొలిచి అక్కడే దించేవాడు.

దేశంలోని బొగ్గుగనుల వాళ్లందరూ కలిసే పోటీలు ఆ ఏడాది కొత్తగూడెంలో జరిగాయి. నేను అప్పటికి డిగ్రీ పూర్తిచేసి ఖమ్మం నుంచి వచ్చే ఒక పత్రికకు విలేఖరిగా కుదిరి మూడు నెలలు కాలేదు. నాన్న, రహమత్ మామ, నేను ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఫైనల్‌లో జోగయ్యకు ఎదురు నిలిచినవాడు ఉత్తరాది గనుల నుంచి వచ్చిన మనిషి. జోగయ్య కన్నా జానెడు ఎక్కువ పొడుగు. రెండో రౌండులో అతని దెబ్బకు జోగయ్య ఒక మోకాలి మీద కూలాడు. లేచాడు. మూడో రౌండులో వెనక్కి వెనక్కి పోతున్నాడు, మైదానమంతా చప్పబడిపోయింది. అప్పుడు ఎడమ కాలు ఒక బెత్తెడు బయటికి జరిగింది. కింద పడ్డ వస్తువు ఏదో తీసుకునేవాడిలా కాస్త వంగాడు. తుంటి దగ్గర నుంచి ఎడమచెయ్యి వచ్చి అవతలివాడి పక్కటెముకల కింద తగిలింది. పెద్ద ఊపు కూడా లేదు. ఆ పొడుగు మనిషి ఏదో మరచిపోయిన సంగతి గుర్తొచ్చినవాడిలా నిలబడి, తర్వాత మెల్లగా కూర్చున్నాడు. పది లెక్కపెట్టినా లేవలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. మా గని వాళ్లు బెంచీలు దూకారు. రహమత్ మామ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాన్న మాత్రం ఆ గోలలోనే మామ చెవి దగ్గర నోరు పెట్టి, "ఆ చెయ్యి నువ్వు నేర్పింది కాదు గద. నిజం జెప్పు" అన్నాడు. మామ టోపీ వెనుక నుంచే, "కాలు నేను నేర్పిన. కాలు లేనిది చెయ్యి యాడికెళ్లి వస్తది?" అన్నాడు. తిరుగు బస్సులో ఇల్లందు దాకా అదే.

ఆ మర్నాడు నేను నా ఉద్యోగ జీవితంలో మొదటి పెద్ద వార్త రాశాను. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. 'అడవి కన్న పిడికిలి' అని శీర్షిక. అడవి గాలి పీల్చిన ఊపిరితిత్తులని, వాగులు దాటిన కాళ్లని, పుట్టుకతో వచ్చిన వేగమని రాసుకుంటూ పోయాను. నాన్న మాటలే నా అక్షరాల్లోకి వచ్చాయి. షెడ్డు గురించి, బెల్టు గురించి, పాదాల గురించి ఒక్క ముక్క లేదు. నేను రోజూ చూసినవి కాబట్టి అవి వార్త అనిపించలేదు. నేను ఎప్పుడూ చూడని అడవి మాత్రం నాకు వార్తగా కనిపించింది. కాలనీ అంతా ఆ కాగితం చేతులు మారింది. నాన్న దాన్ని క్యాంటీన్ గోడకు అంటించాడు.

రెండు రోజుల తర్వాత జోగయ్య మా ఇంటికి వచ్చాడు. రహమత్ మామ చేత చదివించుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు.

"తమ్మీ, మంచిగ రాసినవంట" అన్నాడు. "నేను వాగులు దాటినట్టు రాసినవు. మా ఊళ్లె అందరు దాటుతరు. మా అవ్వ గూడ దాటుతది. ఆరేండ్లు గా బెల్టు మీద నా కాళ్లు అరిగినయి, ఆ ముచ్చట లేదేంది?"

అతను కోపంగా అడగలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. టీ తాగి వెళ్లమని అమ్మ ఎంత చెప్పినా ఆగలేదు.

ఆ వార్త చేసిన అసలు నష్టం తర్వాత వారం బయటపడింది. గెలిచి వచ్చిన జోగయ్యను బాక్సింగ్ నేర్పే మనిషిగా పర్మినెంటు చేయమని రహమత్ మామ అర్జీ పెట్టాడు. తనకు రిటైర్మెంట్ దగ్గర పడింది, షెడ్డు అతని చేతిలో పెట్టాలని ఆయన ఆశ. అప్పటి వెల్ఫేర్ ఆఫీసరు వేరే జిల్లా నుంచి వచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు, కాగితం ప్రకారం పోయేవాడు. క్యాంటీన్‌లో పూరీ తింటూ గోడ మీది నా వార్తను రహమత్ మామకు వేలితో చూపించాడు. నేను అక్కడే ఉన్నాను.

"పేపర్లోనే రాశారు కదయ్యా, పుట్టుకతో వచ్చిందని. పుట్టుకతో వచ్చింది ఇంకొకరికి ఎలా నేర్పుతాడు? బంగారం లాంటి ఆటగాడు, కాదనను. కానీ నేర్పే పని వేరు." ఆయన నవ్వుతూ వంటింటి కిటికీ వైపు చూశాడు. "ఈ సాంబయ్యకు నేర్పుతాడా?"

కిటికీ అవతల నాన్న జల్లిగరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నేర్పుతడు సార్" అన్నాడు రహమత్ మామ.

ఆఫీసరు సరదాకే అన్నాడు. కానీ క్యాంటీన్ నిండా ఉన్న మనుషులు ఆ మాట విడిచిపెట్టలేదు. మధ్యాహ్నానికి షరతులు తయారయ్యాయి. నలభై రోజులు, ఒక్క రౌండు, రాతిపొడి, మూడు మచ్చలు. ఆఫీసరు వెనక్కి పోలేక సరే అన్నాడు.

ఆ సాయంత్రం మా వాకిట్లో మంచం మీద నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు. "ఇన్నేండ్లు ఒళ్లే గొప్పదని కొట్లాడిన. ఇప్పుడు ఈ ఒళ్లేసుకోని, కాదు నేర్చుకుంటే వస్తదని నేనే చూపియ్యాల్నా? నా నోరు నేనే మూసుకోవాల్నా?"

"ఒద్దంటే చెప్పు" అన్నాడు మామ. "జోగయ్య రేపు తట్ట పట్టుకుంటడు. ఇద్దరు ఆడపిల్లలు వానికి. పేరు పిలిస్తే పని, పిలవకపోతే లేదు."

నాన్న తల మీంచి చేతులు తీశాడు. తర్వాత లోపలికి చూసి, "ఏమే, ఒక బనీనుకు నల్లరంగు వెయ్యి" అన్నాడు.

జోగయ్య నాన్నను మొదటి వారం షెడ్డుకే రానివ్వలేదు. తనే క్యాంటీన్‌కు వచ్చి, వంటింట్లో ఒక మూల కూర్చుని, నాన్న పూరీలు వేయిస్తుంటే చూశాడు. రెండు రోజులు చూశాడు. మూడో రోజు మిర్చి బజ్జీలు వేస్తున్నారు. ఒక మిర్చి పేలి నూనె చిందింది. నాన్న తల ఒక నాలుగు వేళ్లు వెనక్కి పోయింది, ఎడమ కాలు నేల మీంచి లేవకుండానే పక్కకు జరిగింది. చేతిలో గరిటె ఆగలేదు.

"అన్నా, గిదే" అన్నాడు జోగయ్య లేచి నిలబడి. "నేను నేర్పేదానిల సగం నీకొచ్చు. వచ్చని నీకు తెల్వది, గంతే."

ఇక మా వాకిలి వంటిల్లయింది. జోగయ్య గ్లవ్స్ తేలేదు. మా అమ్మ చేతికి జల్లిగరిటె, పక్కన బకెట్‌తో నీళ్లు ఇచ్చాడు. అమ్మ 'నూనె' అని నీళ్లు చిమ్మాలి, నాన్న తడవకూడదు. ముప్పై ఏళ్ల కాపురంలో అమ్మ అంత సంతోషంగా ఏ పనీ చేయగా నేను చూడలేదు. మొదటి రోజు నాన్న బావిలో పడి లేచినవాడిలా ఉన్నాడు. పది రోజులకు మీసం ఒక్కటే తడిసింది. ఆ తర్వాత జోగయ్య అమ్మ చేత 'నూనె' అనే మాట మానిపించి, ఆమె చెయ్యి ఎప్పుడు కదులుతుందో నాన్నను చూడమన్నాడు. చెయ్యి కాదు, భుజం చూడమన్నాడు. "భుజం ముందు జెప్తది అన్నా. చెయ్యి దాని ఎనక వస్తది. వదినె భుజం సూడు." నాన్న చూసేవాడు. అమ్మ భుజం అలాగే ఉంచి మణికట్టుతో చిమ్మేది. "గిది దొంగాట" అని నాన్న అరిస్తే, "వెంకటి గూడ గట్లనే కొడ్తడు, నేర్చుకో" అనేది.

చివరి పదిహేను రోజులు షెడ్డులో. తెల్ల పాదాల మీద నాన్న పాదాలు సరిపోయేవి కావు. ఆయనవి పెద్దవి. జోగయ్య మోకాళ్ల మీద కూర్చుని, తన చేతులతో నాన్న మడమ పట్టుకుని ఒక్కో గుర్తు మీదికి జరిపేవాడు. కొత్తగూడెంలో అంత పెద్ద మైదానం నోరు తెరిచేలా చేసిన చేతులు, మా నాన్న పగిలిన మడమలు పట్టుకుని ఉన్నాయి. నేను మూల నిలబడి చూసేవాణ్ని. రాయాల్సిన వార్త ఎక్కడ ఉందో నాకు అక్కడ తెలిసింది.

మళ్లీ ఆ రోజుకు వస్తాను. రైలు పట్టా మోగింది. వెంకటి నవ్వుతూ వచ్చాడు, నాన్న పొట్ట మీద మెల్లగా ఒక్కటి పెట్టాడు. తెల్ల మచ్చ పడింది. జనం నవ్వారు, వెంకటి కూడా వాళ్ల వైపు తిరిగి నవ్వాడు. నాన్న మొహంలో ఒక్కటంటే ఒక్క పాఠం మిగల్లేదు. రెండోది ఛాతీ మీద. ఇంకా నిమిషం కాలేదు. రింగు కింద జోగయ్య తాడు పట్టుకుని కదలకుండా ఉన్నాడు. రహమత్ మామ అటు తిరిగిపోయాడు. వెంకటి కుడి భుజం కదిలింది.

"నూనె" అని అరిచింది మా అమ్మ.

నాన్న తల నాలుగు వేళ్లు వెనక్కి పోయింది. ఆయన గడ్డం ముందు నుంచి గాలిలో తెల్లపొడి రాలింది. మళ్లీ "నూనె". ఎడమ కాలు జరిగింది, గ్లవ్ భుజం పక్క నుంచి పోయింది. ఆడవాళ్లందరూ అమ్మతో కలిసి అరవడం మొదలుపెట్టారు. ఆఫీసరు చెయ్యెత్తి, బయటివాళ్లు చెప్పకూడదన్నాడు. అంతా ఆపేశారు. ఇంకా సగం రౌండు పైనే ఉంది.

ఆ నిశ్శబ్దంలో ఏం వినిపించిందంటే, నాన్న ఆయాసం, వెంకటి బూట్లు. వెంకటి ఇక నవ్వడం లేదు, నిజంగా కొడుతున్నాడు. నాన్న అతని చేతుల వైపు చూడటం లేదు. భుజాల వైపే చూస్తున్నాడు. మూకుడు చుట్టూ తిరిగినట్టు, అరచేయి వెడల్పు అడుగులతో, తొందర లేకుండా తిరుగుతున్నాడు. తెల్లపొడి గాలిలోనే రాలిపోతోంది. చివర్లో వెంకటి దెబ్బ తప్పిన విసురుకు తనే తాళ్ల మీద పడితే, నాన్న అలవాటుగా చెయ్యి చాపి పట్టుకుని నిలబెట్టాడు. రైలు పట్టా మోగింది.

బనీను మీద రెండు మచ్చలు. ఆఫీసరు స్వయంగా వచ్చి ముందూ వెనుకా చూశాడు. చెవి వెనుక కాస్త తెలుపు ఉంటే వేలితో తీసి చూసి, "ఇది పూరీ పిండి" అన్నాడు. జనం తాళ్ల లోపలికి పడ్డారు. నాన్నను ఎత్తబోయి నలుగురు చాలక ఆరుగురయ్యారు. జోగయ్య మాత్రం కిందే నిలబడి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను దగ్గరికి వెళితే, "తమ్మీ, ఈసారి కాళ్ల ముచ్చట రాయి" అన్నాడు.

రాశాను. తెల్ల పాదాల గురించి, మడమ పట్టుకున్న చేతుల గురించి రాశాను. లోపలి పేజీలో చిన్నదిగా వేశారు. జోగయ్యకు నెలలోపే ఉత్తర్వు వచ్చింది. రహమత్ మామ షెడ్డు తాళంచెవి అతనికి ఇచ్చి, ఆ సాయంత్రం మా వాకిట్లో ఇనుప కుర్చీలో దొరలా కూర్చున్నాడు. "ఇప్పుడు జెప్పు సాంబయ్యా. నేర్చుకుంటే వస్తదా, రాదా?"

నాన్న ఒళ్లంతా నొప్పులతో మంచం మీద పడుకుని ఉన్నాడు. తల కూడా ఎత్తలేదు. "నాకు ఎవలు నేర్పిన్రు? ఇరవై ఏండ్లు నూనె ముంగల నిలబడ్డ ఒళ్లు ఇది. ఒళ్లే తప్పించుకుంది. జోగయ్యనే అన్నడు గద, సగం నీకొచ్చని."

మామ కుర్చీ లోంచి లేచి నిలబడ్డాడు. అమ్మ టీ గ్లాసులతో వస్తూ గుమ్మంలోనే ఆగి, నవ్వు ఆపుకోలేక గ్లాసులు కింద పెట్టేసింది. వాదన మళ్లీ మొదటికి వచ్చింది. ఇద్దరూ ఉన్నంత కాలం సాగింది.

జోగయ్య రిటైరయ్యే దాకా ఆ షెడ్డులోనే నేర్పాడు. ఫిల్లర్ల కొడుకులు, కూతుళ్లు, ఒక బ్యాంకు గుమాస్తా, మా వెంకటి కూడా వచ్చి నేర్చుకున్నారు. చాలామంది పతకాలు తెచ్చారు. వాళ్లలో ఒక్కరినీ తేలిగ్గా కొట్టడం ఎవరివల్లా కాలేదు. తర్వాత ఆ గని మూతపడింది. షెడ్డు కూల్చేటప్పుడు జోగయ్య ఏమీ అడగలేదట, తెల్ల పాదాలున్న బెల్టు ముక్క ఒక్కటి చుట్టి, భుజాన వేసుకుని ఊరికి వెళ్లిపోయాడు.

మొన్న నేను వెళ్లింది ఆ ఊరికే. చర్ల దాటాక కొంత దూరం తారు రోడ్డు పడింది. తర్వాత పోలీసు క్యాంపు దగ్గర పేరు, ఎవరింటికని చెప్పాల్సి వచ్చింది. "బాక్సింగ్ తాత దగ్గరికా?" అని అక్కడి జవాను గేటు ఎత్తాడు. జోగన్న జుట్టు పూర్తిగా తెల్లబడింది. నడక మాత్రం అలాగే ఉంది, పాదం నేలకు చెప్పి వేస్తున్నట్టు. వాకిట్లో వెదురు తడిక కింద ఆ బెల్టు ముక్క పరిచి ఉంది. దాని మీద అతని మనవరాలు సుక్కి, పదిహేనేళ్ల పిల్ల, వెనక్కి ముందుకు అడుగులు వేస్తోంది. ఆమెకు ఆ వారమే హైదరాబాద్‌లో స్పోర్ట్స్ హాస్టల్ సీటు వచ్చింది. ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఎలా ఎంపిక చేశారని అడిగాను.

"ఎత్తు జూసిన్రు. ఉరికిచ్చిన్రు, ఎగిరిపిచ్చిన్రు. ఊపిరి గూడ ఏందో మిషిన్ల ఊదిపిచ్చిన్రు" అన్నాడు జోగన్న. "గ్లవ్స్ వేసుకోమని ఒక్కలు గూడ అనలే."

"మా నాన్న ఉంటే సంతోషించేవాడు."

"సాంబన్న వీళ్ల ఆఫీసరయ్యేటోడు" అని పెద్దగా నవ్వాడు.

ఇప్పుడు శరీరం కొలవడానికి పరికరాలున్నాయి. మా కాలంలో ఒకడి ఒంట్లో ఏముందో తెలియక వాకిట్లో కూర్చుని ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాం, ఆ కొట్లాటలోంచే ఒక మనిషికి బతుకు దొరికింది. ఏది మేలో నేను చెప్పలేను. సుక్కి మాత్రం ఒళ్లు, నేర్పు రెండింటిలోనూ గట్టి పిల్ల అని చూడగానే తెలుస్తోంది. ఆమె ముందు నిలబడి నేను సరదాకి చెయ్యి విసిరితే, నా చెయ్యి పోయిన చోట ఆమె లేదు. అయితే కొత్తగూడెంలో పడిన ఆ ఎడమచేతి దెబ్బ ఆమెకు ఇంకా రాలేదు. జోగన్న దగ్గర నేర్చుకున్న ఎవరికీ రాలేదు. తను దాచుకున్నది ఏమీ లేదని, వచ్చినదంతా చూపించానని అతను అంటాడు.

సుక్కి నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు నేను ఆ బెల్టు పక్కన కూర్చుని చూశాను. పాదాల గుర్తులు చాలావరకు పోయాయి, అంచుల్లో తెలుపు మిగిలింది. కానీ ఎడమ పాదం గుర్తుకు ఒక బెత్తెడు బయట, ఒకచోట రబ్బరు పూర్తిగా అరిగి, లోపలి గుడ్డ పొర తేలింది. మిగతా బెల్టు మీద ఎక్కడా అంత అరుగుదల లేదు. ఆ దెబ్బ కొట్టేముందు కాలు వెళ్లిన చోటు అదే. దాన్ని గురించి కూడా మా వాకిట్లో పాత గొడవ ఒకటి ఉంది. అక్కడా పెయింటు వేశాననీ, ఎక్కువ తొక్కడం వల్ల ముందుగా పోయిందనీ రహమత్ మామ అనేవాడు. అక్కడ పెయింటే లేదనీ, కాలు తనంతట తనే పోయిందనీ నాన్న అనేవాడు. జోగన్నను అడిగాను. వంగి, వేలితో ఆ గుంట తడిమి, "కాళ్ల దిక్కు సూసుకుంట కొడ్తమా తమ్మీ? నాకు యాదికి లేదు" అన్నాడు. నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పెయింటు వేశారో లేదో చెప్పాల్సిన పొరే అక్కడ లేదు.